ట్రాస్క్ కొట్టి చూసిన పళ్ళెం

ఓబెద్ ట్రాస్క్ పోయినప్పుడు హాల్సీ బేసిన్ ఊరి చర్చిలో పాస్టరు అతని చెవి గురించి చాలాసేపు మాట్లాడాడు. మంచికీ చెడుకీ తేడా పట్టే చెవిని దేవుడు ఏ కొందరికో ఇస్తాడట. బల్లల మీద కూర్చున్నవాళ్ళు తమ బూట్ల వంక చూసుకున్నారు. చర్చిలో నవ్వొస్తే చూడవలసిన చోటు అదే. పాస్టరు ఊరికి కొత్త. ఓబెద్ చివరి పదిపన్నెండేళ్ళలో ఆ చెవితో చర్చి గంట కూడా వినలేదన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఓబెద్ పింగాణీ వ్యాపారి. అమెరికాలో ఈరీ కాలువ ఒడ్డున, పడవల రేవుకి ఎదురుగా కొట్టు. లివర్‌పూల్‌లో ఓడెక్కిన తెల్ల పింగాణీ న్యూయార్కులో దిగి, గుర్రాలు లాగే కాలువ పడవల మీద అతని గుమ్మం ముందుకి వచ్చేది. కర్రపుల్లలతో అల్లిన పెద్ద పెట్టెలు, లోపల గడ్డి, గడ్డి మధ్య పళ్ళేలు. గడ్డిని రైతులు పశువులకి పట్టుకుపోయేవారు. పిట్స్‌బర్గ్ నుంచి గాజు ఉప్పుగిన్నెలూ గ్లాసులూ కూడా వచ్చేవిగానీ, గాజుతో పేచీ లేదు. పగిలితే పగిలినట్టే కనిపిస్తుంది. పింగాణీ అలా కాదు. మెరుగు కింద వెంట్రుకంత బీట దాచుకుని ఏమీ ఎరగనట్టు తళతళలాడుతూ కూర్చుంటుంది. మొదటిసారి వేడి సూపు పోయగానే రెండుగా విడిపోతుంది. సూపు చుట్టం ఒళ్ళోకి చేరుతుంది.

అందుకని కొనేవాళ్ళ కళ్ళెదుటే ప్రతి పళ్ళేన్నీ కొట్టి చూపించాలి. మూడు వేళ్ళ కొసల మీద పళ్ళెం నిలబెట్టి, రెండో చేతి వేలి కణుపుతో అంచు మీద ఒకటి కొడతారు. బాగున్నది ఖణేల్‌మంటుంది. బీట ఉన్నది డొప్పుమంటుంది. డొప్పుమన్నదాన్ని పక్కన పెట్టేస్తారు. అందరు వ్యాపారులూ చేసేదే ఇది. ఓబెద్ మాత్రం కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, స్వర్గం నుంచి ఏదో కబురు వస్తున్నట్టు వినేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో "ట్రాస్క్ కొట్టి చూసిన పళ్ళెం" అంటే ఇక బేరం ఉండేది కాదు.

చెవులు మందగించినప్పుడు అతను దాన్ని లోకం తప్పు కింద జమ కట్టాడు.

"ఈ మధ్య జనానికి నోరు తెరిచి మాట్లాడటం చేతకావడం లేదు. అందరూ గొణుగుడే," అనేవాడు.

"గొణగడం కాదు మిస్టర్ ట్రాస్క్, అరుస్తున్నాను!" అని అతని భార్య డార్కస్ అరిచింది. పక్క కొట్లోని జీనుల వ్యాపారి ఏం ప్రమాదమోనని పరిగెత్తుకొచ్చాడు. ఓబెద్ అతన్ని ఆప్యాయంగా పలకరించి, పనేమిటని అడిగాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు. డార్కస్ కొట్లో ఇనప పొయ్యి పక్కన కూర్చుని మేజోళ్ళు అల్లేది. పళ్ళెం ఖణేల్‌మంటే ఆమె సూదులు ఆడుతూనే ఉండేవి. డొప్పుమంటే ఆగిపోయేవి. ఒకరోజు ఆ ఆగడం ఓబెద్ కంటబడింది. చేతిలో పళ్ళెం పక్కన పెట్టాడు. అప్పట్నుంచి అతను కళ్ళు పూర్తిగా మూయడం మానేశాడు. రెప్పల సందులోంచి సూదుల్ని చూసేవాడు. తల వాల్చడం మాత్రం మానలేదు. వ్యాపారం ఎప్పటిలాగే సాగింది.

సాగనివ్వకుండా చేసింది చర్చి విందు. ఉడికించిన బీన్సు, ఉప్పు పంది మాంసం, గుమ్మడికాయతో చేసిన పై అనే తీపి రొట్టె. గిడ్డంగి యజమాని జెఫ్తా కోల్ బల్లకి అవతలినుంచి గట్టిగా అడిగాడు:

"ఏం ఓబెద్, కొట్లో మీ ఆవిడ కూడా సాయం చేస్తుందటగా?"

"సాయమా? ఊరికే కూర్చుని అల్లుకుంటుంది, అంతే!" అన్నాడు ఓబెద్.

చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత దూరం పోతుందో తెలియదు. ఆ మాట హాలు రెండో కొసన పై రొట్టె కోస్తున్న డార్కస్‌దాకా పోయింది. ఆమె కోయడం ఆపలేదు. ఆ తర్వాత ముక్కలు మాత్రం ఒకటి అరచేయంతా, ఒకటి బొటనవేలంతా వచ్చాయి.

ఇంటికెళ్ళిన దగ్గర్నుంచి ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది. శిక్ష గట్టిదేగానీ అందులో ఒక లోపం ఉంది. శిక్ష పడిన సంగతి ఓబెద్‌కి తెలియలేదు. ఈ మధ్య ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు కూడా.

అలాంటి వారంలో లవీనా పెక్ వచ్చింది. రేవు పక్క హోటలు ఆమెది. మొగుడు పోయాక దాన్ని రెండింతలు చేసింది. కొత్త భోజనాల గది నిండా పళ్ళేలు కావాలి. కాలువ ఎగువన కొత్తగా పెట్టిన ఒక దుకాణంలో ఇవే పళ్ళేలు ఇంకా చవగ్గా దొరుకుతున్నాయి. ఆమె అక్కడికి వెళ్ళకుండా ఇక్కడికి రావడానికి కారణం ఓబెద్ పేరొక్కటే. ఆమె భోజనాల గదిలో నలుగురి ఒళ్ళో సూపు పడిందంటే ఆ పేరు కాలువ పొడుగునా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి ఓబెద్‌కి బాగా తెలుసు.

"మొదలెట్టవయ్యా ఓబెద్! మా వంటమనిషి మాంసం మాడ్చేలోపు నేను వెళ్ళాలి," అంది లవీనా.

ఓబెద్ పెట్టె విప్పి, గడ్డి దులిపి, మొదటి పళ్ళెం కొట్టాడు. సూదులు ఆడుతున్నాయి. రెండోది కొట్టాడు. ఆడుతున్నాయి. పెట్టెలో సగం అయింది. సూదులు ఒక్కసారీ ఆగలేదు.

సముద్రం దాటొచ్చిన పెట్టెలో ఒక్క బీట పళ్ళెమైనా లేకపోవడం ఓబెద్ ఎన్నడూ ఎరగడు. ఇంగ్లండులో కుమ్మరులందరికీ ఒక్కసారిగా బుద్ధొచ్చి ఉండాలి, లేదా తన పెళ్ళాం కోపంగా ఉండాలి. కుమ్మరులకే బుద్ధొచ్చిందనుకుందామని అతను శాయశక్తులా ప్రయత్నించాడు. ఇంతలో ఇంట్లో ప్రశాంతత గుర్తొచ్చింది. దాని వెనకే విందు గుర్తొచ్చింది. డార్కస్ ఊరికే కూర్చుని అల్లుకుంటోంది, అంతే.

ఒక్కటీ తీసెయ్యని వ్యాపారిని ఎవరూ నమ్మరు. ఓబెద్ తల వాల్చి, ముఖం చిట్లించి, చేతికొచ్చిన పళ్ళెం ఒకటి పక్కన పెట్టాడు.

"అదేం చేసింది పాపం? గంటలా మోగితేనూ!" అంది లవీనా.

ఓబెద్ గంభీరంగా తలూపాడు. కొన్నేళ్ళుగా అతను అన్నిటికీ ఇదే జవాబు ఇస్తున్నాడు. దానివల్ల ఊళ్ళో అతనికి ఆలోచనాపరుడన్న పేరు కూడా వచ్చింది.

తర్వాతి పళ్ళెం కొట్టి మంచివాటి మీద పెట్టబోయాడు. లవీనా అతని మణికట్టు పట్టుకుంది.

"ఇది పాత బూటులా డొప్పుమంది కదయ్యా! దీన్ని నాకు అంటగడతావా?"

మాట వినబడలేదుగానీ పట్టు అర్థమైంది. ఓబెద్ పొయ్యి వైపు చూశాడు. డార్కస్ తల ఎత్తలేదు. మేజోడు ఆమె మోకాళ్ళు దాటి నేలవైపు దిగుతోంది.

అతను ఆ పళ్ళెం పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి, పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

"మిసెస్ ట్రాస్క్, నాకు వినబడటం లేదు. కాస్త నువ్వు విని చెప్పు," అన్నాడు. రేవులో మూటలు దించుతున్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

డార్కస్ ఆ వరస చివరిదాకా అల్లి, సూదులు ఒళ్ళో పెట్టుకుంది. కొట్టమని వేలితో సైగ చేసింది. కొట్టాడు. "మళ్ళీ," అంది. కొట్టాడు. ఇంకోసారి. మొదటి దెబ్బకే ఆమెకి తెలిసిపోయింది. మిగతా రెండూ విందులో అతనన్న మాటకి.

"పనికిరాదు," అంది లవీనాతో. తర్వాత మొగుడి చెవిలో అరిచింది. "అన్నీ మళ్ళీ మొదట్నుంచి కొట్టండి, మిస్టర్ ట్రాస్క్!"

"హమ్మయ్య, సూదులు ఆగాయి," అంది లవీనా కుర్చీ లాక్కుంటూ. "ఇవాళ ఆగవేమిటా అని ఇందాకట్నుంచీ చూస్తున్నా. నీ వేలు చూసి ఇక్కడ ఎవరు కొంటున్నారయ్యా?"

డార్కస్ ఆ మాట అతని చెవిలో మళ్ళీ అరిచింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఓబెద్.

"చర్చిలో తాడు తెగి గంట కిందపడలా? అందరం గుమ్మంకేసి పరిగెడితే నువ్వొక్కడివే మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటున్నావు. అది భక్తి అనుకుంటారనుకున్నావా?" అంది లవీనా.

డార్కస్ ఇది కూడా అరిచి చెప్పింది. కాస్త ఎక్కువ ఇష్టంగా చెప్పింది.

పెట్టె మొత్తం మళ్ళీ మొదట్నుంచి కొట్టారు. తీసేసినవి ఒక దొంతరయ్యాయి. ఓబెద్ అన్యాయంగా పక్కన పెట్టిన పళ్ళెం మంచివాటిలో చేరింది. లవీనా మంచివన్నీ తీసుకెళ్ళింది. మాంసం మాడిందట, అది వేరే సంగతి. మర్నాడు డార్కస్ కుర్చీ పొయ్యి దగ్గర్నుంచి బల్ల దగ్గరికి వచ్చింది. ఓబెద్ కొట్టేవాడు, ఆమె బాగుందో లేదో పైకే చెప్పేది. జనం గొణుగుతున్నారని మాత్రం అతను చివరిదాకా అంటూనే ఉన్నాడు.

ఆ రోజు ఆగకుండా అల్లిన మేజోడు తొడిగితే మోకాలు దాటి తొడదాకా వచ్చింది. డార్కస్ దాన్ని విప్పలేదు. జత కుదరాలి కాబట్టి రెండోది కూడా అంతే పొడుగు అల్లింది. ఆ చలికాలమంతా ఓబెద్ వాటిని మడతల మీద మడతలు పెట్టి తొడుక్కు తిరిగాడు. ఎందుకింత పొడుగున్నాయని అడగలేదు.