దూరం మాస్టారి లాగుడు

దూరం మాస్టారికి ఒకటే జబ్బు. ఎంత దూరంలో ఉన్నవాడినైనా సరే, లెక్కలోంచి తీసేయడానికి ఆయనకు ప్రాణం ఒప్పదు.

ఆయన చదువే అలాంటిది. ఇనుప ముక్కలో కోటానుకోట్ల బుల్లి అయస్కాంతాలుంటాయి. ఒక్కొక్కటీ పైకో కిందికో తిరిగి ఉంటుంది. పక్కది ఎటు తిరిగితే ఇదీ అటే తిరుగుతుందని లోకమంతా లెక్క కట్టి చేతులు దులుపుకుంటుంది. మాస్టారు మాత్రం, "ఆ చివరున్నదాని లాగుడు కొంచెమే కావచ్చు, సున్నా కాదుగా?" అని దాన్నీ కలుపుతారు. అందుకే ఇతరులు మధ్యాహ్నానికి తేల్చే లెక్క ఆయనకు వచ్చే వేసవికి తేలుతుంది.

అది కాగితం మీదే ఆగితే బాగుండేది. ఒకరోజు ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైంది. మాస్టారు నాలుగంతస్తులు దిగి వెళ్ళి వాచ్‌మన్‌ని నిలదీశారు.

"ఇవాళ గేటు ఎంత తీశావ్?"

"సగమేనండీ."

"అదీ సంగతి!"

భార్య తల పట్టుకుంది. "ఏమండీ, ఉప్పు వేసింది నేను!"

"నీ చెయ్యీ ఉందిలే, కాదనను. దగ్గరున్నదానివి కదా," అన్నారాయన ఉదారంగా.

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయికి మాత్రం సెమినార్ రోజున నవ్వు రాలేదు. నలుగురి ముందూ నిలబడితే ఆమెకు నోరు పెగలదు. కిందటిసారి "అందరికీ" అని ఆగిపోయింది. అందరికీ ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈసారీ మాట్లాడకపోతే పరిశోధన మానుకోవలసిందేనని శాఖ పెద్ద ఖరాఖండిగా చెప్పేశారు.

అమ్మాయి బోర్డు ముందుకొచ్చింది. హాలంతా కళ్ళే. అప్పుడు చివరి వరసలోంచి మాస్టారు లేచారు.

"ఒక్క నిమిషం! ఇవాళ మనమే అయస్కాంతాలం. బోర్డుకేసి ఉంటే పైకి, వెనక గోడకేసి ఉంటే కిందికి. నేను తిరుగుతున్నాను. ఎవరికెంత లాగుతుందో చూద్దాం!"

కుర్చీ గిర్రున తిప్పి గోడకేసి కూర్చున్నారు. ఈయనతో వాదనెందుకని చివరి వరస తిరిగింది. ఆ గోలేమిటని మధ్య వరసలూ తిరిగాయి. ముందు వరసలో శాఖ పెద్ద ఒక్కరే మిగిలారు.

"నేనెందుకు తిరగాలండీ?"

"ఇంతమంది తిరిగినా మీకేం లాగడం లేదా?" మాస్టారు గోడనే అడిగారు. "అయితే మీలో ఇనుమే లేదన్నమాట."

పెద్దాయనకు రోషం వచ్చింది. ఆయనా తిరిగారు.

ఇప్పుడు అమ్మాయి ముందు వీపులు, బట్టతలలు తప్ప ఒక్క కన్ను లేదు. బట్టతలకు భయపడేదేముంది? గొంతు పెగిలింది. గంటసేపు ఏకధాటిగా దంచేసింది. శాఖ పెద్ద అటు తిరిగే ప్రశ్నలడిగి, అటు తిరిగే జవాబులు విని, "భేష్! థీసిస్ రాసుకో," అన్నారు.

జనం బయటికొచ్చాక ఆమె వరండాలో మాస్టారిని పట్టుకుంది. "సార్, ప్రయోగం ఫలితం రాసుకోలేదేం?"

"ప్రయోగమా, నా మొహమా! కిందటిసారి నువ్వు వణికిన వణుకు చివరి వరసలో ఉన్న నాకు అందింది తల్లీ. ముందు వరసవాళ్ళకే అందలేదు. దూరాన్ని లెక్కలోంచి తీసేయొద్దని మరెందుకు మొత్తుకుంటున్నాననుకున్నావ్?"

అమ్మాయికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ మాట చెప్పబోయేంతలో ఖాళీ హాల్లోంచి శాఖ పెద్ద గొంతు వినిపించింది.

"ఏమండీ, ఇంక ఇటు తిరగొచ్చా?"