చిన్న పెట్టెలో ఎడారి

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. మా ఇంటి దేవర మీద, నా నెత్తిన ఇంకా మిగిలి ఉన్న నాలుగు వెంట్రుకల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నా మాట వినగానే నవ్వుకునేవాళ్ళు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. ఈ ఒక్కసారికి వాళ్ళు కూడా నన్ను నమ్మాలని మనవి.

పోయిన వారం రాయచోటి నుంచి కడపకు బస్సులో వస్తున్నాను. గువ్వలచెరువు కనుమ దిగేచోట డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు ఎత్తాడు, ఇంజను గొంతు మారింది. అంతే, నాకు తెలియకుండానే నా ఎడమ చేయి కిందికి పోయి అక్కడ లేని కడ్డీ ఒకదాన్ని అదిమి పట్టబోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ వంకాయల గంపను గబుక్కున ఒళ్ళోకి లాక్కుని, "ఏమప్పా, చూస్తే పెద్దమనిషి మాదిరి ఉండావు!" అంది. ఆ చేయి ఈనాటిది కాదు. ఎప్పుడో ఇదే కనుమలో లారీ తోలిన కుర్రవాడిది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు మా మేనమామ, మిలిటరీవాళ్ళు వేలం వేసిన లారీ ఒకటి కొన్నాడు. దానికోసం మా తాత, అంటే మామ నాయన, ఎద్దులనూ బండ్లనూ అమ్మేశాడు. జన్మంతా రాయచోటి, కడప మధ్య బండి తోలిన మనిషి. కొన్నవాడు ఎద్దులను తోలుకుపోతుంటే వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, ఇంట్లోకి వచ్చి సంగటి పెట్టమన్నాడు. లారీ తోలడం నా పని. సరుకు కుదర్చడం, అందరి మీదా అరవడం మామ పని. తాతకు ఏ పనీ లేదు.

ఆ లారీ మాకు దక్కేసరికే ఎన్ని దేశాలు తిరిగి వచ్చిందో, మైళ్ళు లెక్కబెట్టే ముల్లు విసిగిపోయి ఒకచోట చతికిలబడి ఉంది. మామూలు గేరుపెట్టె వెనక దానికి ఇంకో చిన్న పెట్టె. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు, మేం చిన్న పెట్టె అనేవాళ్ళం. మంచి రోడ్డుకు ఒక పట్టు, ఏటి ఇసుకకూ కనుమ ఎక్కడానికీ ఇంకో పట్టు. వాటిని మార్చడానికి వేరే కడ్డీ ఉండేది.

కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత ఆ పెట్టె ఏడవడం మొదలుపెట్టింది. మేం ఊరి బయట ఉండగానే రాయచోటి కుక్కలన్నీ మోరలెత్తి జవాబిచ్చేవి. ఒక ముసలి కుక్కయితే మా లారీ ఆగిపోయాక కూడా రాగం ఆపేది కాదు. అంతవరకు నవ్వుకోవచ్చు. ఒకరోజు వేరుశనగ మూటలతో కనుమ దిగుతుంటే, కాలు ఎత్తగానే చిన్న పెట్టె కడ్డీ దానంతటదే ఎగిరి బయటికి వచ్చేసింది. ఇంజనుకూ చక్రాలకూ పొత్తు తెగిపోయింది. అంత బరువూ బ్రేకుల మీదే పడింది. రోడ్డు పక్క రాళ్ళగుట్టకు బండిని ఒరిపించి ఆపాను. అప్పటినుంచి కనుమ దిగినంతసేపూ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఆ కడ్డీ.

వేరుశనగ సీజను నెత్తి మీద ఉంది. ఎద్దులు లేవు. లారీ పడుకుంటే ఇంట్లో పొయ్యి పడుకున్నట్టే. మామ ఇంటి ముందు నిలబడి వీధంతా వినేటట్టు అరిచాడు. "ఎవుడో దీంట్లో చేయి పెట్టినాడు. నిక్షేపంగా తిరిగే బండి! వాడెవడో తేలనీ, నా ఇంటోడైనా సరే, ఈ గడప తొక్కనీను!" మామ మాట అంటే మాటే. సొంత తమ్ముడితో పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చి, అతని పెళ్ళికి కూడా పోని మనిషి. తాత అరుగు మీద కూర్చుని తలాడించాడు. అలాంటివాణ్ణి తొక్కనీయకూడదన్నట్టే.

కడప నుంచి సాయిబు మేస్త్రీ వచ్చాడు. యుద్ధంలో మిలిటరీ వర్కుషాపులో పనిచేసినవాడు, నోట్లో ఎప్పుడూ వక్క. వచ్చీరాగానే, "ఏమప్పా, దీని ఏడుపు మా ఊరికి వినపడతాండాది" అన్నాడు. ముందుగా చిన్న పెట్టె కడ్డీని నడిమధ్య నిలిపి, పెద్ద గేర్లన్నీ వరసగా వేయించాడు. ఏడుపు లేదు. అంటే పెద్ద పెట్టె నిర్దోషి. తర్వాత చక్రాలు నేలకు తగలకుండా జాకీలెత్తి, చిన్న పెట్టెను పట్టులో వేసి తిప్పమన్నాడు. కర్ర కొన ఒకటి పెట్టె మీద, రెండోది చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజను ఆపించి కిందికి దూరి, చక్రాలకు పోయే ఇరుసును చేత్తో ఊపాడు. లోపల ఏదో లొటలొటలాడింది. "బేరింగులు పోయినాయి. పండ్లు కూడా పోయింటాయి. నూనె దించు అబ్బయా" అన్నాడు నాతో.

నూనె దించాను. నల్లగా, జిగటగా, తీగలు సాగుతూ దిగింది. వేళ్ళ మధ్య రుద్దితే గరగర. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం, కాల్చిన గడ్డి మసి. బండి ఇరుసుకు పెట్టే కందెన!

తాత వైపు చూశాను. ఆయన పక్కనే, గోడకు ఆనించి, కందెన పోసుకునే వెదురు గొట్టం. నాకు అంతా అర్థమైంది. ప్రతి శుక్రవారం నేను మధ్యాహ్నం కునుకు తీసేవేళ తాత లారీకి పసుపూ కుంకుమా పెట్టేవాడు. నేను నూనె పోసేటప్పుడు చూసి పెట్టుకున్న మూత విప్పి, ఎద్దుల బండికి పెట్టినట్టే శ్రద్ధగా కందెన పోసేవాడు. అడిగితే దాచేవాడు కాదు. బండికి కందెన పెట్టడం ఒకరికి చెప్పి చేసే పనా? ఆముదం ఎలా ఉన్నా, ఆ మసి మాత్రం ఆకురాయిలా లోపలి గేరు పళ్ళన్నిటినీ అరగదీసింది.

మామకు ఆ వారం గట్టి జలుబు. వాసన తెలియలేదు. "ఏమప్పా అది?" అని ఆయన ముక్కు చీదుతూ అడిగితే, మేస్త్రీ తాతనొకసారి చూసి, వక్క పక్కకు ఉమ్మి, "ఇసుక. మిలిటరీ బండి గదా, ఎడారిలో తోలింటారు. ఈజిప్టు ఇసుక" అన్నాడు.

మామ మొహం వెలిగిపోయింది. తాత అరుగు దిగి వచ్చి, ఆ నల్లని ముద్దను తొంగిచూసి, "ఎంత పాపపు నాయాండ్లప్పా! మూగ బండిని ఇసకలో తోల్తారా?" అని మిలిటరీవాళ్ళను తిట్టిపోశాడు.

పెట్టె విప్పితే పళ్ళు ముసలివాళ్ళ చిగుళ్ళలా గుండ్రంగా ఉన్నాయి. కడ్డీ వేసినప్పుడు గేరును జరిపి పట్టే కొమ్ము ఒకవైపు అరిగిపోయింది. కడపలో తుక్కుకు కొట్టిన అదే రకం లారీ నుంచి పళ్ళ చక్రాలూ బేరింగులూ తెచ్చాడు మేస్త్రీ. విప్పినవన్నీ కిరసనాయిల్లో కడగాలి. అది దొరకని రోజులు. అత్త దీపాలకు దాచుకున్నది ఇచ్చేసి, ఆ వారం ప్రమిదల వెలుగులోనే వడ్డించింది. రేకు ముక్కలు కత్తిరించి సందుల్లో సర్ది, అట్ట కోసి మూత కింద పరిచి బిగించాడు. మళ్ళీ కనుమ దిగినప్పుడు నేను భయపడుతూనే కడ్డీ మీద నుంచి చేయి తీశాను. అది కదల్లేదు. కుక్కలు మాత్రం కొన్నాళ్ళు దిగులుగా తిరిగాయి.

మామ ఆ మసిని ఆరబెట్టి నశ్యం డబ్బీలో పోసి, వచ్చినవాళ్ళందరికీ ఈజిప్టు ఇసుక అని చూపించేవాడు. చుట్టాలు చాటుకు పోయి నవ్వేవాళ్ళు. పొయ్యిలో బూడిదకూ ఎడారి ఇసుకకూ తేడా తెలియని వెర్రివాడని పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో చెప్పుకునేవాళ్ళు. లారీ బాగైన రోజే మామ, తాత చేతికి కొత్త నూనె డబ్బా ఇచ్చి, "నాయనా, ఈ డబ్బాలో నూనె తప్ప ఆ పెట్టెలోకి ఏదీ పోగూడదు. ఇసుక పోకుండా చూసేది నీ పని. మూత నువ్వు తప్ప ఎవురూ ముట్టగూడదు" అన్నాడు. తాత చనిపోయేదాకా ఆ మూతకు కాపలా ఉన్నాడు. నన్ను కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ప్రమాణం చేశాను కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి. కుక్కల సంగతి నిజమే. మామకు మాత్రం ఆ వారం జలుబు లేదు. ఆ జలుబు నేను అంటించింది. కందెన వాసన మధ్య పుట్టి పెరిగిన మనిషి, ముద్దను ఒక్కసారి రుద్ది చూశాడు. మేస్త్రీ "ఇది కంద..." అని నోరు తెరవగానే, "ఇసుక!" అని ఆయనే అరిచాడు. "ఎడారి ఇసుక. ఈజిప్టుది. పెట్టె విప్పు." అలా అరుస్తూ తాత వైపు చూడనైనా చూడలేదు. మా మామ అంత మెత్తని మనిషంటే చుట్టాల్లో ఒక్కరూ నమ్మరు, అందుకే ఇన్నేళ్ళూ ఆయనకు జలుబు చేయించి చెబుతూ వచ్చాను. ఆ వయసులో నాకు ఆ అరుపు గట్టి గొంతుగా మాత్రమే వినిపించింది. అందులో ఏముందో వినడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఈలోగా ఆ మాట చెప్పుకోవలసిన తాతా మామా ఇద్దరూ వెళ్ళిపోయారు.