సాక్ష్యం చెప్పని పిల్ల

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవరాలు నన్ను బండి వెనక ఎక్కించుకుని, నరసాపురం అవతల తను పనిచేసే పిల్లల హోముకు తీసుకెళ్లింది. గేటు దగ్గర హెల్మెట్టైనా తీయకుండా షరతులు పెట్టింది. "తాతయ్యా, పిల్లల్ని అమ్మానాన్నల గురించి అడక్కు. జాలిగా మొహం పెట్టకు. ముఖ్యంగా కోతలు కొయ్యకు." మూడోది నావల్ల కాదన్నాను. లోపల ఒక గదిలో బొమ్మలు, రంగులు, ఇసుక పోసిన పెద్ద పళ్లెం ఉన్నాయి. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు అక్కడికొచ్చి, ముందు చిన్న ప్రార్థన చేసుకుని, ఇష్టమైతే ఆడుకుంటారట, ఇష్టమైతే మాట్లాడతారట, లేకపోతే ఊరికే కూర్చుంటారట. ఎవరూ ఏమీ అడగరట. దీన్నే ట్రామా కేర్ అంటారని మా మనవరాలు చెబుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. "ఓసి పిచ్చితల్లీ, ఇది మేం ఎప్పుడో కనిపెట్టాం, కనిపెట్టిందే నేను!" అని అరిచేశాను.

కనిపెట్టింది నేను కాదు. ఆ సంగతి నా ఈడువాళ్లైన మీకు చెప్పుకోవాలి. మీరైతే తిట్టినా మధ్యలో ఆపేసి కాఫీ ఇస్తారు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఉప్పెన వచ్చి సముద్రపొడ్డు పల్లెలు కొట్టుకుపోతే, మా చర్చి సంఘంవాళ్లు ఒక పాత ధాన్యం గోడౌను బాగుచేయించి దిక్కులేని పిల్లలకు హోము పెట్టారు. దాన్ని నడిపే ఆవిడను అందరం పెద్దమ్మగారు అనేవాళ్లం. నేను అక్కడ వార్డెన్ని, డ్రిల్లు మాస్టర్ని, పాటలకు డోలక్ వాయించేవాణ్ణి. పిల్లలకు నేనంటే హడల్. అంటే, చొక్కా పట్టుకుని వేలాడేవాళ్లు, అదే హడలని నేను అనుకునేవాణ్ణి.

మాలో సాక్ష్యం అని ఒక ఆచారం ఉంది, దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం. పెద్దవాళ్లకు అది కొండంత బలం కాబట్టి పిల్లలకూ బలమేననుకోవడమే మేం చేసిన పొరపాటు. అతిథులు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఉప్పెన ఎలా వచ్చిందో, అమ్మ ఎలా పోయిందో, తనను దేవుడు ఎలా బతికించాడో చెప్పించేవాళ్లం. నేర్పించే పని నాది. అల తాడిచెట్టంత అని పిల్ల అంటే నేను దాన్ని రెండు తాడిచెట్ల ఎత్తు చేసేవాణ్ణి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో కూడా నేర్పేవాణ్ణి, అతిథులు కళ్లొత్తుకుంటే నాకు పండగ.

అందరిలోకీ బాగా చెప్పేది చేపలు పట్టేవాళ్ల పిల్ల, ఎనిమిదేళ్లది. కానీ చెప్పిన ప్రతిసారీ రెండ్రోజులు అన్నం ముట్టేది కాదు, మంచం కింద దూరి కోడు గట్టిగా పట్టుకుని పడుకునేది. నేను దిష్టి అనుకున్నాను, క్రైస్తవుణ్ణయి ఉండి! హోములో వండిపెట్టే వంటక్క మాత్రం కంచం చూసి కనిపెట్టేసింది. "ఒకసారి నీళ్లలోంచి బయటపడ్డ పిల్లని వచ్చినోళ్లందరి ముందూ మళ్లీ ముంచేస్తన్నావయ్యా" అంది. నీకేం తెలుసక్కా, గరిటె తిప్పుకో అన్నాను.

ఆ తర్వాత రాజమండ్రి నుంచి పెద్ద అతిథులొచ్చారు. సభకు వెయ్యిమంది. సరే, నలభై మంది, అందులో పాతిక మంది మా పిల్లలే. ఆ చిన్నది లేచి నిలబడింది గానీ నోరు పెగల్లేదు. అప్పుడు నేను సింహంలా లేచి, చాలు, ఈ పిల్లను కూర్చోబెట్టండని గర్జించానని మా ఆవిడకు పెళ్లైన కొత్తలో చెప్పాను, పాపం నమ్మింది కూడా. నిజానికి నేను తెర వెనక నిలబడి "అల... అల వచ్చింది, చెప్పవే" అని అందిస్తూనే ఉన్నాను. పిల్ల గౌను తడిసిపోయింది. వంటక్క తడిచేతులతోనే సభ మధ్యనుంచి నడిచొచ్చి, "పిల్లకి అన్నం వేళైందండి" అని ఎత్తుకుపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మగారు నన్ను పిలిచారు గానీ తిట్టలేదు. "ఇక పిల్లలెవరూ చెప్పరు బాబూ. వచ్చే వారం మీ అమ్మగారి సంగతి నువ్వే చెప్పు" అన్నారు. మా అమ్మ కూడా ఆ ఉప్పెనలోనే పోయింది. చూశారా, ఇన్ని కబుర్లు చెప్పినవాణ్ణి ఆ ఒక్కటీ దాటేశాను. వారం తిరిగాక అతిథుల ముందు నిలబడి "మా అమ్మ" అన్నాను, మూడో మాట రాలేదు, కూర్చుండిపోయాను.

మర్నాటి నుంచి పెద్దమ్మగారు మా ఇద్దరినీ, నన్నూ ఆ పిల్లనూ, వంటింటికి అప్పగించారు. వంటక్క ఏమీ అడిగేది కాదు, రొయ్యలు ఒలవమని చాట ముందు పెట్టేది, అంతే. ఒకరోజు మధ్యాహ్నం కూర ఉడుకుతుంటే ఆ పిల్ల ఉన్నట్టుండి, "మా అమ్మ ఇందులో చింతచిగురేసేదండి" అంది.

వంటక్క వెనక్కైనా తిరక్కుండా, "ఎంతేసేదే?" అంది.

"గుప్పెడు."

"నీ గుప్పెడా, నా గుప్పెడా?"

పిల్ల తన చెయ్యి చూసుకుంది, వంటక్క చెయ్యి చూసింది. "ఇంకొంచెం పెద్దదండి" అంది.

అమ్మ చేతి కొలత చెప్పిందండీ పిల్ల! నేను ఎగిరి గంతేస్తే చాటలో రొయ్యలన్నీ నేలపాలయ్యాయి, వంటక్క గరిటె నా వీపు మీద పడింది, పిల్ల పకపకా నవ్వింది. వంటక్క చిగురు కోయించి ఆ కొలతే వేసింది, ఆ పిల్ల రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. ఆ సందట్లో మా అమ్మ మామిడికాయ వేసేదని నేనూ అనేశాను. ఉప్పెన తర్వాత నేను మా అమ్మ గురించి పూర్తిగా పలికిన మొదటి మాట అదే.

ఆ పిల్ల మళ్లీ మంచం కింద దూరలేదు, సాక్ష్యమూ చెప్పలేదు. ఇప్పుడామె మనవల్ని ఎత్తుతోంది. ఉప్పెన రోజు సంగతి నాకు ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ కాలం హోముల్లో పిల్లలచేత కన్నీళ్ల కథ చెప్పించేవాళ్లు లేరంటే నాకు గుండె నిండిపోతోంది. కాకపోతే పిల్లలు వంటింట్లోకి వెళ్లకూడదని మా మనవరాలి హోములో బోర్డు పెట్టారు. మంచిదే, చేతులు కాలతాయి. మంచిదే అంటున్నాను గానీ, అక్కడున్న పిల్లల్లో ఎవరి అమ్మ ఏ కూరలో ఏం వేసేదో ఎవరికి తెలుస్తుందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.