మైలేజీ మాస్టారి కుడికాలు

మా అక్క మొగుడిని ట్యాక్సీ స్టాండులో అందరూ మైలేజీ మాస్టారు అనేవారు. అసలు పేరు పోయి ఆ పేరే మిగిలింది. లీటరు పెట్రోలుతో ఆయన పోయినంత దూరం ఇంకెవడూ పోలేడు. కొత్త డ్రైవరు ఎవరు చేరినా ట్యాక్సీల ఓనరు మొదట ఆయన పక్కన కూర్చోబెట్టేవాడు. "బ్రేకు తొక్కావంటే అప్పటిదాకా కాల్చిన పెట్రోలు నేలపాలు చేసినట్టే. సిగ్నల్ దూరంగా కనబడగానే కాలు తీసెయ్, బండి దానంతటదే పోతుంది" అని పాఠం చెప్పేవాడు. డిక్కీలో అనవసరమైన వస్తువు ఒక్కటి ఉండనిచ్చేవాడు కాదు. ఒకసారి అక్క అందులో గొడుగు మరిచిపోతే, దండగ బరువని తెచ్చి ఇంట్లో పడేశాడు.

కుడికాలికి చెప్పు లేకుండా నడపడం ఆయన పద్ధతి. చెప్పు అడ్డమైతే పెడల్ ఎంత దిగిందో తెలియదట. "ఆ పెడల్‌ని తొక్కినంత సుతారంగా నాతో ఒక్క మాట మాట్లాడితే నా జన్మ ధన్యమయ్యేది" అని అక్క దెప్పిపొడిచేది.

అలాంటి మనిషి మొన్న ఎండాకాలం మొహం వేలాడేసుకుని నా షెడ్డుకొచ్చాడు. నేను మెకానిక్‌ని. ఆ కారుకి మొదటినుంచీ మరమ్మతులు చేస్తున్నది నేనే.

"బండి పెట్రోలు తాగేస్తోందిరా. ఇంకో నెల ఇలాగే అయితే కారు వేరేవాళ్ళకిస్తానన్నాడు ఓనరు."

కారు పోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. ఆ వయసులో ఆయనకి వేరే పని ఎవరిస్తారు?

ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ప్లగ్గులు శుభ్రం చేశాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు పైకెత్తి తిప్పితే అన్నీ హాయిగా తిరిగాయి. టైర్లలో గాలి కూడా సరిగ్గానే ఉంది. అయినా కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చాడు. బంకులో కల్తీ అన్నాడు, బంకు మార్చాడు. ఆ తర్వాత నా మీద పడ్డాడు. "నీకు పని మీద శ్రద్ధ తగ్గిందిరా" అన్నాడు, షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళందరి ముందూ.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. చేతిలో స్పానర్ విసిరికొట్టాను. "పద బావా. నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటా. తప్పు నా పనిలో ఉందని తేలితే ఈ షెడ్డు మూసేస్తా."

రోడ్డు ఖాళీగా ఉంది. దూరంగా సిగ్నల్ ఎర్రగా మారింది. ఇంజిన్ చప్పుడు మాత్రం తగ్గలేదు.

"కాలు తియ్యి బావా."

"ఎప్పుడో తీసేశాను."

వంగి చూశాను. కాలు పెడల్ మీదే ఉంది, బరువంతా ఆనించి. "కిందకి చూడు బావా" అన్నాను. చూశాడు. ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు, బండి గీత దాటి ఆగింది. తర్వాత పక్కకి తీసి ఆపాడు.

నా జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. కాలు ఇలా పెట్టమని, దాని మొనతో ఒక్కో వేలినీ, అరికాలినీ గుచ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"గుచ్చవేంరా?" అన్నాడు.

షుగర్ ఆయనకి ఏళ్ళ తరబడి ఉంది. గుర్తుంటే మందు వేసుకునేవాడు, లేకపోతే లేదు. దేవుడనేవాడు ఎదురుపడితే నాలుగు కడిగేద్దామనిపించింది నాకు. ఒళ్ళంతా ఉండగా వాడికి ఆ పాదమే దొరికిందా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పోయిన స్పర్శ మళ్ళీ వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఇక బండి ముట్టుకోవద్దన్నాడు.

బయటికొచ్చాక నేనే అన్నాను. "ఎవరికీ చెప్పకు బావా. కాలు చూసుకుంటూ నడుపు. ఓనరుకి నేనేదో ఒకటి చెప్తా." మా అక్క సంసారం వీధిన పడుతుందన్న భయం నాతో ఆ మాట అనిపించింది.

"కాలు చూసుకుంటూ కూర్చుంటే రోడ్డెవరు చూస్తారురా?" అని తాళం నా చేతిలో పెట్టాడు.

ఓనరు దగ్గరికి కారు నేనే నడిపాను. నేను గేరు ఆలస్యంగా మార్చినా ఏమీ అనలేదు.

"లోపం దొరికిందా మాస్టారూ?" అని అడిగాడు ఓనరు.

"బండి లక్షణంగా ఉందండీ. నా కాలికే స్పర్శ పోయింది. ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

ఓనరు చెడ్డవాడు కాదు. అయ్యో అన్నాడు, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తాళం మాత్రం సొరుగులో వేసుకున్నాడు.

ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. కారు కనపడకపోయినా అనుమానం రాలేదు, నా షెడ్డులో ఉందనుకుంది. బావకి మంచినీళ్ళిచ్చి, "రేపు ఎన్నింటికి లేపమంటావు?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు, నేను చెప్తానేమోనని. నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

"లేపొద్దులే" అన్నాడు.