మా ఇంటికి వచ్చెయ్యండి

దక్షిణ ఫ్రాన్సులో వల్సెర్ అనే ఊరి టూరిస్ట్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కౌంటరు వెనక కూర్చుంటున్న జోసియాన్ రెబూల్‌కి తనకొక విద్య వచ్చని నమ్మకం. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని ఒక్క చూపు చూసి, ఈ మనిషి ఏ మంచం మీద పడుకోవాలో చెప్పేయగలదట. ఈ మాట ఆమే అందరికీ చెప్తుంది. నిశ్శబ్దం కావాలని పారిస్ నుంచి వచ్చిన దంపతుల్ని చర్చి గంటకి సరిగ్గా కింద ఉన్న గదిలో పెట్టించిందీ ఆమే. నీళ్ళంటే భయపడే ముసలావిడకి ఈతకొలను ఉన్న ఇల్లు చూపించిందీ ఆమే. అవి మాత్రం చెప్పదు.

అసలు సంగతేమిటంటే, ఆ చుట్టుపక్కల పదిహేను ఊళ్ళలో ఉన్న ఏ అద్దె గదిలోనూ జోసియాన్ ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. "పరుపులు దూదిలా ఉంటాయి మేడమ్" అని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెబుతోంది. ఆ పరుపుల మీద చెయ్యి పెట్టి చూసింది కూడా లేదు. ఉన్న ఊళ్ళో సొంత ఇల్లు పెట్టుకుని ఎవరైనా అద్దె గదిలో పడుకుంటారా? ఇంకెక్కడికైనా సెలవులకి వెళ్దామంటే, ప్రపంచమంతా సెలవులకి ఇక్కడికే వస్తుంటే తను ఎక్కడికి పోవాలి? ఇలా తనకి తాను సర్దిచెప్పుకుని, తన తెలివికి తానే ముచ్చటపడి, యాభై ఆరేళ్ళ దాకా వచ్చేసింది.

ఆమెకున్న రెండో అలవాటు ఊరంతటికీ ఉన్నదే. ఆ ప్రాంతంలో ఇద్దరు మనుషులు విడిపోయేటప్పుడు చెంపలకి మూడు ముద్దులు ఎంత తప్పనిసరో, "ఒకసారి మా ఇంటికి రావాలి సుమా" అనడం అంత తప్పనిసరి. ఎప్పుడు రావాలో చెప్పరు. ఇల్లెక్కడో చెప్పరు. విన్నవాళ్ళు "తప్పకుండా" అంటారు. అక్కడితో ఆ ఆహ్వానానికి నూరేళ్ళూ నిండిపోతాయి. ఎవరూ పోరు, ఎవరూ ఏమీ అనుకోరు. జోసియాన్ దీన్ని ఇంకాస్త సాగదీసి కౌంటరు ముందుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. జర్మన్లకి చెప్పింది, సైకిళ్ళేసుకుని వచ్చిన డచ్చి వాళ్ళకి చెప్పింది. ఒకసారి టపా ఇచ్చిపోవడానికొచ్చిన పోస్టుమాన్‌కి కూడా చెప్పింది, అతను వాళ్ళ వెనక వీధిలోనే ఉంటాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట నమ్మి వచ్చిన మనిషి ఒక్కడే. దెజిరే. ఉత్తరాది వాడు, బెల్జియం సరిహద్దు దగ్గరివాడు. జోసియాన్ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, జులైలో, కౌంటరు ముందు నిలబడి గది కావాలన్నాడు. ఊళ్ళో గదుల్లేవు. "అయితే మా ఇంటికి వచ్చెయ్యండి" అంది. సాయంత్రం నాలుగింటికి పెట్టెతో వచ్చేశాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు వెళ్ళలేదు. రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు.

నలుగురు కూడిన చోటల్లా దెజిరే ఈ కథ చెప్పేవాడు. "నాకోసం పొద్దుటి నుంచీ ఎదురు చూసిందట!" అని కళ్ళు పెద్దవి చేసేవాడు. ఆ మాట అన్నది జోసియాన్ పిన్ని. తలుపు తీసిందీ పిన్నే. జోసియాన్ అప్పుడెక్కడుందంటే, వంటింటి పక్క సామాన్ల గదిలో పిండి బస్తా వెనక చతికిలబడి, ఊపిరి బిగబట్టుకుని, వాడెప్పుడు పోతాడా దేవుడా అనుకుంటోంది. ఈ ముక్క ఆమె మొగుడికి చెప్పలేదు. ఏటా జులైలో, ఇద్దరే ఉన్నప్పుడు, అతను అడిగేవాడు.

"నిజం చెప్పు జోసీ. ఆ రోజు నన్ను నిజంగానే పిలిచావా?"

"నిజంగా కాకపోతే అబద్ధంగా పిలుస్తారా ఎవరైనా?" అనేది, కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండా.

అతను పోయాక ఆ అబద్ధం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

ఈ ఏడు జులై పధ్నాలుగు జాతీయ పండగకి ముందు శుక్రవారం, పొద్దున్నే ఆఫీసు తలుపు తోసుకుని ఇద్దరు వచ్చారు. అరవై దాటిన మొగుడూ పెళ్ళాలు. ఆయన చేతిలో రెండు పెట్టెలు, ఆవిడ చేతిలో తువ్వాలు చుట్టిన పొట్లం. జోసియాన్ తన విద్య ప్రయోగించింది. బట్టతల, ఇస్త్రీ చొక్కా, తోలు చెప్పులు: ద్రాక్షతోటలో రాతి ఇల్లు, విడిగా వరండా, ఖాయం.

"నా పేరు ఎటియెన్ దెలాత్ర్ అండీ, ఈమె గిలెన్. ఉత్తరాన రూబే నుంచి వస్తున్నాం. నేను బట్టల మిల్లులో మరమ్మతు పని చేసి రిటైరయ్యాను. మాకు సోమవారం నుంచి కింద ఊళ్ళో చిన్న ఇల్లు కుదిరింది. ఈ మూడు రాత్రులే ఎక్కడుండాలో తేలలేదు."

"సోమవారం ఇల్లు పెట్టుకుని శుక్రవారం ఎందుకు దిగారు?"

"ముందొచ్చి కాస్త అలవాటు పడదామని."

"దేనికి?"

"ఎండకి," అంది గిలెన్, చెమట తుడుచుకుంటూ. "మా జీవితంలో ఇదే మొదటి సెలవు ప్రయాణం మేడమ్. సగంలో చిరాకు పడకూడదని ముందే పడిపోదామనుకున్నాం."

జోసియాన్ ఫోను అందుకుంది. రాతి ఇల్లు నిండిపోయింది. పావురాల గూడుని గదిగా మార్చినది నిండిపోయింది. సన్యాసినుల మఠంలో ఒక మంచం ఉంది, ఒక్కరికే, అదీ ఆడవాళ్ళకే.

"నువ్వెళ్ళు గిలెన్," అన్నాడు ఎటియెన్. "నేను బస్టాపులో పడుకుంటా."

"నలభై ఏళ్ళుగా మీ గురకకి అలవాటు పడ్డాను. ఆ మఠంలో నాకు నిద్ర పడుతుందా?"

గుడారాల మైదానంలో చోటుంది గానీ వీళ్ళకి గుడారం లేదు. పద్నాలుగు చోట్లకి ఫోను చేసింది జోసియాన్. మధ్యలో ఎటియెన్ మర్యాదగా అడిగాడు, "ఆ చెట్లమీద కీచురాళ్ళ రొద ఎన్నింటికి ఆపుతారండీ?" ఇలాంటివి ఏడాదికి నలభై వింటుంది. వినగానే దెజిరే గుర్తొచ్చాడు. అతనూ ఇదే అడిగాడు. ఆ మెత్తదనంలో నోరు జారింది.

"ఏదీ దొరక్కపోతే దిగులెందుకండీ, మా ఇంటికి వచ్చెయ్యండి!"

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికైనా జోసియాన్ నాలుక కరుచుకోవలసింది. అబ్బే. ఊరి అలవాటు నోటికి ఇంకొంచెం నూనె రాసింది.

"గది ఖాళీగానే ఉంది. మొహమాట పడకండి."

"ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు ఎటియెన్.

వల్సెర్‌లో పుట్టినవాడెవడూ ఆ ప్రశ్న వెయ్యడు. వేశాడంటే హాస్యానికే. జోసియాన్ నవ్వి, "ఎప్పుడైనా! నాలుగింటికి రండి!" అంది. వాళ్ళూ నవ్వారు. ఎంత సరదా మనుషులు అనుకుంది. వాళ్ళు వెళ్ళాక ఆఫీసు మూసి, శుక్రవారం మధ్యాహ్నం సెలవు కనుక ఇంటికెళ్ళి, కిటికీ రెక్కలన్నీ మూసి, చీకట్లో హాయిగా నిద్రపోయింది.

సరిగ్గా నాలుగింటికి తలుపు చప్పుడైంది.

రెక్కల సందులోంచి చూస్తే ముందు పెట్టెలు కనిపించాయి. తర్వాత వాసన వచ్చింది. తువ్వాలులో చుట్టిన పొట్లం ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఉత్తరాది వాళ్ళ మారొయ్ జున్ను. ఆ ఎండలో, పన్నెండు గంటల ప్రయాణం చేసి, అది కూడా అలవాటు పడినట్టుంది. దెజిరే కూడా ఆ రోజు సరిగ్గా అదే తెచ్చాడు. ఆ వాసన పోవడానికి వారం పట్టిందని పిన్ని చచ్చేదాకా చెప్పేది.

చూస్తూ చూస్తూ ఏం జరిగిందంటే, జోసియాన్ కాళ్ళు వాటంతటవే నడిచి సామాన్ల గదిలోకి వెళ్ళాయి. పిండి బస్తాలు ఇప్పుడు ఎవరు కొంటున్నారు? వాషింగ్ మెషీను వెనక చతికిలబడింది. యాభై ఆరేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు పట్టేశాయి, తెలివి మాత్రం ఇరవై ఏడేళ్ళ దగ్గరే ఆగిపోయిందే ముండా అని తనని తాను తిట్టుకుంది.

బయట పక్కింటి బార్తె గొంతు వినిపించింది. డెబ్భై ఎనిమిదేళ్ళ తాపీమేస్త్రీ. వీధిలో ఇనప బంతులాట మానేసి మరీ వచ్చాడు.

"ఎవరికోసమండీ?"

"మేడమ్ రెబూల్ మమ్మల్ని రమ్మన్నారు. ఇల్లు పోస్టుమాన్ చూపించాడు. ఇంట్లో లేనట్టున్నారు."

"రమ్మందా? జోసియానా?" బార్తె నవ్వు మొదలయ్యేముందు పొడిదగ్గు దగ్గుతాడు. ఇప్పుడు దగ్గాడు. "మా అందర్నీ కూడా రమ్మంటుందండీ. నన్ను నలభై ఏళ్ళుగా రమ్మంటోంది, గోడకి గోడే అడ్డం, ఇంతవరకూ కాఫీ మొహం చూళ్ళేదు."

"మరి గది ఖాళీ అన్నారే," అంది గిలెన్.

"ఆమె నోట్లోనే ఖాళీ అయి ఉంటుందమ్మా. ఓ జోసియాన్! లోపలే ఉన్నావని తెలుసు! నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి!"

జోసియాన్ కాళ్ళ వంక చూసుకుంది. ఉత్త పాదాలు. దాక్కోవడం కూడా సరిగ్గా చేతకాలేదు.

"పోనీ లెండి," అన్నాడు ఎటియెన్, గొంతు తగ్గించి. "ఆవిడ మర్యాదకి అని ఉంటారు. మనమే అర్థం చేసుకోలేదు. ఇబ్బంది పెట్టద్దు. జున్ను గుమ్మం ముందు పెట్టేసి పోదాం గిలెన్."

ఆ మాట జోసియాన్‌కి తగిలింది. బార్తె ఎంత వెక్కిరించినా ఫరవాలేదు, ఊరు రేపటికి నవ్వి ఎల్లుండికి మర్చిపోతుంది. కానీ ఈ పెట్టెలు వెనక్కి తిరిగితే ఆ రోజు దెజిరేని పిలిచిన పిలుపూ ఉత్తదేనని తేలిపోయినట్టే. ఇరవై ఏడేళ్ళ కాపురం పిన్ని తలుపు తీసినందుకు జరిగింది, తను పిలిచినందుకు కాదు. ఇప్పుడు తలుపు తియ్యడానికి పిన్ని కూడా లేదు. ఏడుపొచ్చింది. వాషింగ్ మెషీను పట్టుకుని లేచింది. మోకాలు కలుక్కుమంది. పెట్టెల చక్రాలు రాళ్ళ మీద కదిలిన చప్పుడు వినిపించేసరికి, జుట్టు విరబోసుకుని, బుగ్గమీద దిండు గీతలతో, ఉత్తకాళ్ళతో పరిగెత్తి తలుపు తెరిచింది.

"ఎక్కడికండీ వెళ్తున్నారు? పొద్దుటి నుంచీ మీ కోసమే ఎదురు చూస్తున్నా!"

బార్తె ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. "అవునవును, నిద్రలో కూడా ఎదురు చూసినట్టుంది."

"మీరు కూడా రండి పెద్దాయనా. ఆరింటికి, తులసి చారు కాస్తున్నా. రాకపోతే ఊరుకోను."

"గంట కూడా చెప్పింది!" అని బార్తె గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒంట్లో బాగుందా అమ్మా నీకు?"

మేడ మీద గది దెజిరే పోయాక ఎవరూ తియ్యలేదు. అతని టోపీ కొక్కేనికే ఉంది. జోసియాన్ దుప్పటి మార్చింది, దుమ్ము దులిపింది, టోపీ జోలికి మాత్రం పోలేదు. గిలెన్ దాన్ని చూసి, తన పెట్టెని అవతలి మూలకి జరిపింది. "పరుపు దూదిలా ఉంటుంది" అనబోయి జోసియాన్ ఆగిపోయింది. ఈ ఒక్క పరుపు సంగతి మాత్రం ఆమెకి బాగా తెలుసు.

"ఎడంవైపు గుంట పడిందండీ. మా ఆయన బరువు మనిషి. చూసుకుని పడుకోండి."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక గది గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

కిందికొచ్చి వంటింట్లో ఆకులు రోట్లో వేసి నూరుతోంది. మీద కిర్రుమని చప్పుడైంది. ఆ కిర్రు ఆమెకి నిద్రలో కూడా తెలుస్తుంది. మేడగది కిటికీ రెక్కలు. అంత ఎండలో, సాయంత్రం అయిదు కాకుండానే, కిటికీలు బార్లా తెరిచే మనుషులు లోకంలో ఉత్తరాది వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు. వెలుతురు కావాలట వాళ్ళకి! దానికోసం ఇల్లు కొలిమి చేస్తారు. ఇరవై ఏడేళ్ళు ప్రతి వేసవిలో ప్రతి రోజూ ఇదే గొడవ. జోసియాన్ రోకలి పట్టుకునే పెరట్లోకి ఉరికింది. తల పైకెత్తి ఒక్క కేక పెట్టింది.

"దెజిరే! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు! మూసెయ్!"

కీచురాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. గోడకవతల బార్తె చేతిలో బంతి కింద పడిన చప్పుడైంది. జోసియాన్ రోకలి దించేసింది. ఏం చెయ్యాలో తెలియక ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది, తుడుచుకున్నదే తుడుచుకుంది.

కిటికీలోంచి బట్టతల ఒకటి బయటికొచ్చింది.

"నా పేరు ఎటియెన్ అండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మూసెయ్యమంటారా?"

"వద్దు," అంది జోసియాన్. "వద్దండీ. ఉండనివ్వండి."

ఆయన తల లోపలికి తీసుకోలేదు. ఇంకేదో చెప్తుందని చూస్తున్నాడు. ఎండ ఆ గదిలోకి సూటిగా పడుతోంది, కొక్కేనికున్న టోపీ కిందనుంచే కనిపిస్తోంది. జోసియాన్ దాని వంకే చూసింది.

"నిజంగానే పిలిచాను," అంది పైకే.

"తెలుసండీ," అన్నాడు ఎటియెన్. "అందుకేగా వచ్చాం."