ఇరవైమూడు ఉత్తరాలు పట్టే కంప్యూటర్

ఆవిడను కోర్టు ఆఫీసంతా టైపమ్మ అనేది. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎందరి వీలునామాలో, ఎందరు అన్నదమ్ముల కీచులాటలో ఆమె వేళ్ల కిందుగా వెళ్లిపోయాయి. ఒక్కటీ బుర్రకెక్కించుకోలేదు. అక్షరం చూడడం, కొట్టడం, మరిచిపోవడం. ఆ రోజులే వేరు. కిటికీ పక్కన బల్ల, వేళ్లకంటిన కార్బన్ నలుపు, పంక్తి చివర మిషన్ మోగించే చిన్న గంట. తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

అలాంటి మనిషి రిటైరైన ఆరేళ్లకు, అక్కను వెంటబెట్టుకుని కంప్యూటర్ల దుకాణం మెట్లెక్కింది. కారణం అక్క చూపు. పోయిన బావగారు పెళ్లయిన కొత్తలో రాసిన ఇరవైమూడు ఉత్తరాలు అక్క పెట్టెలో ఉన్నాయి. చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దానికీ లొంగడం మానేశాయి. చదివి వినిపిస్తానంటే అక్క ససేమిరా అంది. డెబ్బై ఏళ్ల మనిషి సిగ్గుతో ముడుచుకుపోయింది.

"నువ్వెలాగూ చదవకుండా కొడతావుగా. పెద్దక్షరాలు చేసిపెట్టు, నేనే చదువుకుంటా" అంది చివరికి.

దుకాణదారు రెండు కంప్యూటర్లు చూపించాడు. రెండింటికీ ధరలో తేడా టైపమ్మకు రెండు నెలల పింఛను.

"ఈ చౌకది ఉత్తరాలూ గట్రా రాసుకోడానికి తప్ప దేనికీ పనికిరాదమ్మా. అదైతే వెయ్యి సినిమాలు పడతాయి."

"ఇందులో ఇరవైమూడు ఉత్తరాలు పడతాయా?"

దుకాణదారు చౌకదాన్ని ఆన్ చేశాడు. ఆమె దాని ముందు కూర్చుని, అలవాటుకొద్దీ ఒక దస్తావేజు టకటకా కొట్టేసింది. పంక్తి పంక్తికీ చివర ఎంటర్ నొక్కింది. అతను అక్షరాలు పెద్దవి చేసేసరికి పంక్తులన్నీ ముక్కలుముక్కలుగా విరిగి చెల్లాచెదురయ్యాయి. టైపమ్మ మొహం చిన్నబోయింది.

"చివర మీరేం నొక్కకండమ్మా, అదే కిందికి దిగుతుంది."

"మరి గంట?"

"గంటుండదమ్మా."

ఆ మాటకు ఆమె మనసు చివుక్కుమంది. అయినా మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పేజీ కుదురుగా నిలబడింది. మూడు గజాల అవతల కుర్చీలోంచి అక్క గడగడా చదివేసింది.

"కనబడుతోందే. తీసుకో, ఇదే చాలు."

ఇంటికొచ్చాక నాలుగు మధ్యాహ్నాలు ఉత్తరాలు కొట్టింది. పధ్నాలుగో ఉత్తరంలో 'మీ చెల్లెలి' అన్న మాట కంటబడగానే చేతులు ఆగిపోయాయి. 'మీ చెల్లెలి టైపు క్లాసు ఫీజు పంపాను. మీ నాన్నగారు కట్టినట్టే చెప్పు. నేనని తెలిస్తే మొహమాటపడి మానేస్తుంది' అని రాశాడు బావగారు. టైపమ్మ ఆ ఉద్యోగం, ఆ జీతం, ఇప్పటి పింఛను, అన్నీ నాన్న చలవే అనుకుంటూ వచ్చింది. బావగారు బతికుండగా ఒక్కసారైనా ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేదు. కళ్లు తుడుచుకుని మిగతాది పూర్తి చేసింది.

మర్నాడు అక్క తెర ముందు కూర్చుని ఒక్కో ఉత్తరమే చదువుకుంది. అక్కడక్కడ తనలో తాను నవ్వుకుంది. పధ్నాలుగోది అయ్యాక చెల్లెలివైపు తిరిగింది.

"చదివావా?"

"చదివాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పనని మీ బావకు మాటిచ్చాను. ఇప్పుడు మాత్రం నేనేం చెప్పాను?"