కట్‌పీసు కథల అంకమ్మరావు

అంకమ్మరావుకు ఉన్నది ఒకటే జబ్బు. రాసిన కథను వీధిలో అందరికీ వినిపించనిదే పత్రికకు పంపడు. అందరికీ వినిపించాక పంపడానికి కథ మిగలదు.

బెజవాడ వన్ టౌన్‌లో, కొండ వారగా పోయే సందులో ఆయనది చేనేత బట్టల కొట్టు. కింద కొట్టు, మీద కాపురం. కౌంటరు మీద మీటరు బద్ద, బద్ద పక్కన కత్తెర, కత్తెర కింద కథ. తువ్వాలు కొనడానికి వచ్చినవాళ్ళకైనా సరే ఆ మూడూ తప్పవు.

ఆయన కాగితానికి ఒకవైపే రాస్తాడు. చదివేటప్పుడు కాగితం వంక చూడడు, కథంతా నోటికి వచ్చు మరి. వినేవాళ్ళ ముఖంలోకి చూస్తాడు. వింటున్న మనిషి చెవి గోక్కున్నా, ఫోను తిరగేసినా, కొంగు సర్దుకున్నా అక్కడ ఆగి, "ఊఁ" అని పెన్సిలుతో గీత పెడతాడు. ఆ మనిషి మెట్లు దిగగానే కత్తెర తీసి ఆ ముక్క కత్తిరించేసి, మిగిలిన అంచులు రెండూ జిగురుతో అతికిస్తాడు. బయలుదేరినప్పుడు దుప్పటంత ఉన్న కథ వీధి చివరికి చేరేసరికి జేబురుమాలంత అవుతుంది.

"మీవి కథలు కావండీ, కట్‌పీసులు" అంటుంది భార్య శివపార్వతి.

ఒకసారి పామర్రు నుంచి రత్తయ్య అనే రైతు పెళ్ళిబట్టలకు వచ్చాడు. పాతికేళ్ళ ఖాతాదారు, మర్యాదస్తుడు, లేచిపోలేక కూర్చున్నాడు. కథ సగంలో ఆవులించాడు. అంకమ్మరావు పెన్సిలు పట్టుకుని, ఆవులింత ఎక్కడ మొదలైందండీ, వాడు గుమ్మం ఎక్కినప్పుడా, బావిలోకి తొంగిచూసినప్పుడా అని అడిగాడు. పాపం రత్తయ్య ఆలోచించి నిజమే చెప్పాడు.

"బస్సులోనే మొదలైందండీ. తెల్లారగట్ల ఎక్కాం."

అయినా బావి పోయింది.

వీధిలోని ఆటో లాజరుది ఇంకో కథ. బస్టాండుకు బయలుదేరిన అంకమ్మరావు వెనక సీట్లో కూర్చుని, ముందరి అద్దంలో లాజరు కళ్ళను చూస్తూ కథ మొదలుపెట్టాడు. బస్టాండు ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలియదు. బెంజి సర్కిలు కూడా దాటాక తేరుకున్నారు. కథలో తప్పిపోయిన పిల్ల దొరికిందో లేదో చెబితేగాని బండి వెనక్కి తిప్పనన్నాడు లాజరు. అంత బాగా విన్నవాడు ఒక్కచోట మెడ రుద్దుకున్నాడని, ఆ పిల్ల తప్పిపోయిన ముక్కే కత్తిరించేశాడు మహానుభావుడు. ఇక దొరకడానికి ఏముంది?

లాజరు భార్య తెరేసమ్మ కొట్టు మెట్ల పక్కనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఓసారి అంకమ్మరావు తన కథలో, ఒక దర్జీ ఆవిడ ఎవరి బిడ్డకో చిన్న గౌను కుట్టి, ఇచ్చేముందు ఒళ్ళో పరుచుకుని చూసుకునే ఘట్టం రాశాడు. శివపార్వతికి భలే నచ్చింది. అది చదువుతుండగా తెరేసమ్మ సూదిలో దారం ఎక్కించుకోవడానికి తల వంచింది. ఎంతకీ ఎత్తలేదు. గౌను పోయింది. తెరేసమ్మకు విసుగొచ్చిందే అన్నాడాయన. అయ్యగారి కథ వినడం కంటే దారం ఎక్కించడం నయమైందని వీధంతా నవ్వుకుంది.

శివపార్వతి చదివింది ఐదో తరగతి. వీధిలో ఎవరింట్లో ఏ కూర పొయ్యి మీదుందో ఆమెకు తెలియాలి, తెలియకపోతే ఆ పూట తిన్నది అరగదు. ఆమెకు జీవితంలో ఒకే కోరిక మిగిలింది. మొగుడి పేరు అచ్చులో చూడాలి. రేపో మాపో పడుతుందని బంధువులందరికీ చెప్పుకుని చెప్పుకుని ఆమె మాటకే విలువ పోయింది. ఏ పెళ్ళికి వెళ్ళినా వాళ్ళ అక్క నలుగురిలో, "మీ ఆయన కథ ఇంకా కుట్టడం అవలేదా?" అని అడుగుతుంది.

ఈసారి ఒక వారపత్రిక దీపావళి కథల పోటీ పెట్టింది. అంకమ్మరావు కథకు 'తలపాగా' అని పేరు పెట్టాడు. ఇది కూడా పత్రికకు వెళ్ళకపోతే ఇక పెన్ను ముట్టనని తనంతట తనే అన్నాడు. ఆయన కథలు రాయకుండా ఇంట్లో ఖాళీగా ఉంటే ఏం చేస్తాడో ఊహించడానికే శివపార్వతికి భయం వేసింది.

కథ మాత్రం బాగా కుదిరింది. గుడివాడలో ఒక బట్టల కొట్టు మూతపడుతుంది. గుమాస్తా బెజవాడ వచ్చి పెద్ద షోరూములో చేరతాడు. వాళ్ళు అతనికి తలపాగా చుట్టి, పెద్ద మీసం అతికించి, అద్దాల తలుపు దగ్గర దణ్ణాలు పెట్టడానికి నిలబెడతారు. ఒక వానరోజు సొంత వియ్యంకుడు కుటుంబంతో వచ్చి, గుర్తుపట్టక, తడిసిన గొడుగు అతని చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోతాడు. గుమాస్తా ఆ గొడుగు చాటున ఏడుస్తాడు. తర్వాత తలపాగా తీసి యజమాని బల్ల మీద పెట్టి, "వస్తాను" అని వెళ్ళిపోతాడు. విన్నవాళ్ళు మీసం దగ్గర నవ్వారు, గొడుగు దగ్గర ముక్కు చీదారు. ఎవరూ చెవి గోక్కోలేదు.

తెరేసమ్మకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. కథ మొదట్లో 'తాను మడిచి అరలో పెట్టి తాళం వేశాడు' అని ఉంది.

"ఎవర్ని మడిచాడండీ?"

"తాను."

"అదేనండీ. తనని తానే మడుచుకుని అరలో ఎట్టా పట్టాడని?"

"బట్ట తానమ్మా. కుట్టేదానివి, నీకు తెలియదా?"

"కుట్టేటప్పుడు తెలుసండీ. కథలో అనేసరికి మనిషనుకున్నా."

న్యాయమైన ప్రశ్నే. కథను కంప్యూటర్‌లో కొట్టిపెట్టే కోడలు ప్రత్యూష, తాను అని ఉన్నచోటల్లా బట్ట అని ఒక్క దెబ్బతో మార్చేస్తానంది, మార్చేసింది. మర్నాడు అంకమ్మరావు కొత్త కాగితాలు పట్టుకుని తెరేసమ్మ, లాజరుల ముందు చదివాడు. "బట్ట కళ్ళు తుడుచుకున్నాడు. భార్యతో, ఏడవకు, జీతం తెస్బట్ట, నీ చేతికే ఇస్బట్ట అన్నాడు."

లాజరు లేచి నిలబడ్డాడు. "ఇది ఏ భాష సార్?"

మాట చివరనున్న తానుల్ని కూడా యంత్రం వదల్లేదు. పైకి చదివాడు గనక దొరికింది, లేకపోతే ఆ కథ అలాగే వెళ్ళిపోయేదని అందరూ ఒప్పుకున్నారు. ప్రత్యూష సిగ్గుపడి అన్నీ సరిచేసి ఇంకో ఫైలుగా పెట్టింది. ఆ రోజు నుంచి లాజరు ఆటో స్టార్టు చేస్తూ, "వస్బట్ట సార్" అనడం మొదలుపెట్టాడు.

ఇక వినాల్సింది ఎదురింటి జక్కయ్య ఒక్కడే. ఆయనా గుమాస్తాగా చేసి మానుకున్నవాడే. కూతురి ఊరికి వెళ్ళి గడువుకు ముందురోజు వచ్చాడు. అంకమ్మరావు ఎందుకో తటపటాయించి, సాయంత్రం కొట్లో నలుగురి మధ్య చదివాడు. జక్కయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. మెట్ల మీద నిలబడి చూస్తున్న శివపార్వతి ఇక గట్టెక్కామనుకుంది. ఆమె కాఫీ కలుపుకుని వచ్చేసరికి మీసం, గొడుగు, తలపాగా ముక్కలై కౌంటరు కింద ఉన్నాయి.

"అదే కదండీ కథంతా" అంది శివపార్వతి, గ్లాసు అక్కడే పెట్టేసి.

"పొడుగైంది పార్వతీ."

"ఏది పొడుగు? ఇప్పుడది బొత్తాం కుట్టడానికి కూడా చాలదు."

ఆయన మీటరు బద్ద తుడవసాగాడు. శివపార్వతి సంగతి తెలిసిందేగా, కారణం బయటికి లాగేదాకా కదలదు. చివరికి ఆయనే, "జక్కయ్య నవ్వుతూ మూతి తడుముకున్నాడు" అన్నాడు.

"తడుముకుంటే?"

"ఆ మీసం పెట్టుకున్నది వాడే."

ఎన్నో ఏళ్ళ కిందట బందరు రోడ్డు మీద పోతూ, ఒక షోరూము అద్దాల తలుపు దగ్గర జక్కయ్యను ఆ వేషంలో చూశాడట అంకమ్మరావు. చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఊరు మార్చి, పేరు మార్చి, వియ్యంకుణ్ణి కల్పించి రాస్తే తెలియదనుకున్నాడు.

శివపార్వతికి ఒక్కసారే రెండు సంగతులు తట్టాయి. ఎదురింటి సంగతి ఇన్నేళ్ళు తనకు తెలియకపోవడం ఒకటి. రెండోది, ఇంకేదో మెల్లగా వెలుగుతోంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా తెరేసమ్మకు పిల్లలు లేరు. మెడ రుద్దుకున్న లాజరుకు చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన చెల్లెలుంది.

"అయితే గౌను ముక్క కూడా అందుకేనా? ఆవిడకు విసుగొచ్చిందన్నారుగా?"

"అన్నాను."

"మీ కథ విసుగని వీధంతా నవ్విందండీ."

"నవ్వితే నన్నే కదా." మీటరు బద్ద పక్కన పెట్టాడు. "కొత్త చొక్కాలో గుండుసూది ఎక్కడ వదిలేశాడో కుట్టినవాడికి గుర్తుండదు పార్వతీ. తొడుక్కున్నవాడికి తెలుస్తుంది. అందుకే ముందు ఇక్కడే తొడిగి చూస్తా."

ఆమె ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే, ఎప్పుడో తెచ్చుకున్న పిండి జల్లెడ తిరిగిచ్చే నెపంతో ఎదురింటికి వెళ్ళింది. ఎంత నెమ్మదిగా అడగాలని దారంతా అనుకుందో, గడప ఎక్కగానే అదంతా మర్చిపోయింది.

"అన్నయ్యగారూ, రాత్రి మూతి ఎందుకు తడుముకున్నారు?"

మధ్యాహ్నానికి జక్కయ్య కొట్టుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో పాత నల్ల గొడుగు ఉంది.

"ఆ రోజు మిమ్మల్ని అద్దంలోంచి చూశానండీ" అన్నాడు. "నన్ను గుర్తుపట్టారనీ తెలిసింది. పట్టకపోతే లోపలికొచ్చి ధరలు అడిగి పోయేవారు."

అంకమ్మరావు తల దించుకున్నాడు. "గుచ్చుకుందా జక్కయ్యా?"

"నలుగురిలో విన్నప్పుడు గుచ్చుకుంది. ఇంటికెళ్ళి పడుకున్నాక, ఇది రాసినవాడు నన్ను చూసి నవ్వలేదు గదా అనిపించింది." గొడుగు ఒళ్ళోకి మార్చుకున్నాడు. "కానీ తప్పులు రాశారండీ. ఆ మీసం జిగురు దురద మామూలుది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి మూతి మీదికే పోతుంది. అది లేదు మీ కథలో. ఇంకోటి, నేను ఏడవలేదు."

"వియ్యంకుడు నిజంగా వచ్చాడా? నేను కల్పించాననుకున్నానే."

"వచ్చాడు. గొడుగిచ్చి లోపలికి పోయాడు. బయటికొచ్చేటప్పుడు మీసం పీకేసి, బాగున్నారా బావగారూ అన్నా. ఆయన గొడుగు వదిలేసి వానలోనే పోయాడు." జక్కయ్య గొడుగు కౌంటరు మీద పెట్టాడు. "ఇదే. ఆ ముక్క మళ్ళీ అతికించండి. నా పేరు మాత్రం వద్దు."

పోటీకి మెయిలు ఆ సాయంత్రం ఐదు దాకానే. ఆయన మాట మీద రాత్రే కొత్త ఫైల్లోంచి తీసేసిన ఘట్టాన్ని ప్రత్యూష పాత ఫైల్లోంచి తెచ్చి అతికించింది. జక్కయ్య చెబుతుంటే జిగురు దురదా, వానలో వియ్యంకుడూ చేర్చింది. అంకమ్మరావు మాత్రం గడియారం చూస్తూ, ఒక్కసారి తెరేసమ్మకు వినిపించి వస్తానని మెట్ల వైపు నడిచాడు.

"టైము లేదు మామయ్యగారూ."

"ఏది నొక్కాలే?" అని అడిగి, కోడలు చూపించిన చోట శివపార్వతే నొక్కేసింది. అంకమ్మరావు కథ, మార్చాక మళ్ళీ వీధికి వినిపించకుండా, ఇల్లు దాటడం అదే మొదటిసారి.

బహుమతి రాలేదు. మామూలు సంచికలో వేశారు. శివపార్వతి పత్రిక తెరిచి పేరు చదివింది. కథ చదవకుండా మళ్ళీ పేరే చదివింది. పత్రిక పట్టుకుని అక్కకు ఫోను చేయడానికి పోబోతుంటే, ఆయన లాక్కుని కొట్లో అందరికీ వినిపించడం మొదలుపెట్టాడు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. గుమాస్తా తలపాగా తీసి, యజమాని బల్ల మీద పెట్టి, తలెత్తి ఒకే మాట అన్నాడు:

'వస్బట్ట.'

ప్రత్యూష రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ ఘట్టం తెచ్చింది సరిచేయని పాత ఫైల్లోంచి. పత్రికవాళ్ళకు ఉత్తరం రాయాలి, సవరణ వేయించాలి అని అంకమ్మరావు పెన్సిలు వెతుక్కుంటుండగా పామర్రు రత్తయ్య వచ్చాడు. కథ చదివానని చెప్పాడు. ఆవులించలేదని కూడా చెప్పాడు. పంచెల చాపు కొనుక్కుని, మెట్ల దగ్గర ఆగి, ఇంకొకరి ఆచారాన్ని పాటిస్తున్నవాడిలా శ్రద్ధగా చేతులు జోడించాడు.

"వస్బట్టండీ, రావుగారూ. మీ బట్టల కొట్లవాళ్ళు సెలవు తీసుకునే మాటనుకుంటా. ఆ గుమాస్తా ఆ మాటన్న చోటు రెండుసార్లు చదువుకున్నానండీ. మా ఇంటావిడకు కూడా చదివి వినిపించా."

పెన్సిలు దొరికింది. అంకమ్మరావు దాన్ని పట్టుకుని, రత్తయ్య ముఖంలోకి చూశాడు, ఎప్పుడూ వినేవాళ్ళ ముఖంలోకి చూసినట్టే. తర్వాత పెన్సిలు మెల్లగా కత్తెర పక్కన పెట్టేశాడు.

"మంచిదండీ" అన్నాడు చేతులు జోడించి. "వస్బట్ట."

బల్ల మీద కూర్చున్న జక్కయ్య మూతి తడుముకున్నాడు. ఈసారి నవ్వు దాచుకోవడానికే.